సంక్రాంతికి ఇద్దరి ఊళ్లూ తిరగాలి, అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇద్దరు పిల్లలు: టెన్షన్ లేకుండా వెళ్లే దారి ఉందా?

నిజాంపేట_నాని
ఏటా ఇదే గోల. మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, మా ఆవిడ వాళ్లది ఖమ్మం టౌను. నవంబర్ వచ్చిందంటే ఇంట్లో పంచాయతీ మొదలు: ముందు ఎవరింటికి, కారా రైలా, ఎవరింట్లో ఎన్ని రాత్రులు. అమ్మ మాతోనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, మిడిల్ బెర్త్ కూడా ఎక్కలేదు. పెద్దవాడికి 9 ఏళ్లు, చిన్నదానికి 4. చిన్నది కారెక్కితే చౌటుప్పల్ దాటకముందే వాంతి చేసుకుంటుంది.
2026లో భోగి జనవరి 14 బుధవారం, పండగ గురువారం, కనుమ శుక్రవారం, ఆ వెంటనే శని ఆదివారాలు. అంటే హైదరాబాద్ సిటీ సిటీ అంతా ఒకేసారి బయల్దేరి ఒకేసారి తిరిగొస్తుంది. ఈసారైనా గొడవ పడకుండా, రోడ్డు మీద తెల్లారకుండా వెళ్లొచ్చిన వాళ్లుంటే చెప్పండి. "ముందే ప్లాన్ చేసుకో" అని మాత్రం చెప్పకండి, ప్లాన్ దగ్గరే కదా గొడవంతా.

పులస_ప్రియుడు
గూడెం అంటే భీమవరం పక్కనే. నీకు టెన్షన్ ఏంటి బాబాయ్, టెన్షన్ అంతా బరిలో దిగే కోడికి.

గౌతమి_సైడ్_లోయర్
కోడి సంగతి తర్వాత, ముందు టికెట్లు. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఇప్పటికీ సెప్టెంబర్‌లోనే అయిపోయుంటాయని వదిలేసేవాళ్లు ఉన్నారు. జనవరి 10 ప్రయాణానికి నవంబర్ 11న, 12వ తేదీకి నవంబర్ 13న, 13కి నవంబర్ 14న పొద్దున 8కి ఓపెన్ అవుతుంది. తిరుగు ప్రయాణం 18న అయితే నవంబర్ 19. అందరూ వెళ్లే టికెట్ గురించి కొట్టుకుని వచ్చే టికెట్ మర్చిపోతారు, ఏడుపంతా అక్కడే.
ఓపెన్ అయ్యే రోజు ఆధార్ వెరిఫై చేసుకున్న అకౌంట్‌కే ఆన్‌లైన్ బుకింగ్ అవుతుంది. అది ఈ రాత్రే చేసుకోండి. 8 అయ్యాక ఓటీపీ కోసం అమ్మ ఫోన్ ఎక్కడుందని వెతికితే వెయిటింగ్ లిస్టే.
మీరు నిజాంపేట కాబట్టి గౌతమి ఎక్స్‌ప్రెస్ అయితే లింగంపల్లిలోనే ఎక్కేయొచ్చు. ఖాళీ బండిలో, బయల్దేరకముందే సామాన్లు సర్దుకుని కూర్చోవచ్చు. సికింద్రాబాద్‌లో ఆ కాసేపట్లో మోకాళ్ల నొప్పుల మనిషిని ఎక్కించడం కష్టం.

అల్వాల్_రిటైర్డ్
అమ్మగారి బెర్త్ గురించి ఒకటి. లోయర్ బెర్త్ కోటా ఉంది: మగవాళ్లకి 60 దాటితే, ఆడవాళ్లకి 45 దాటితే. కానీ టికెట్ మీద ఒకరో, ఇద్దరో ఉంటేనే ఆ కోటా పనిచేస్తుంది. ఐదుగురినీ కలిపి ఒకే టికెట్ తీస్తే పెద్దావిడకీ అప్పర్ పడొచ్చు. ఆమెకి విడిగా తీయండి.

నిజాంపేట_నాని
ఇది తెలియదు సార్. కానీ విడిగా తీస్తే వేరే బోగీలో పడితే? ఒక్కర్తీ ఎలా పడుకుంటుంది?

అల్వాల్_రిటైర్డ్
పడొచ్చు. అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది. లోయర్ చేతిలో పెట్టుకుని "మా బోగీలో లోయర్ ఇస్తే మీకు ఇక్కడ లోయర్" అంటే ఎవరో ఒకరు మారతారు. అప్పర్ చేతిలో పెట్టుకుని లోయర్ అడిగితేనే అందరూ నిద్ర నటిస్తారు.
ఇంకోటి, 4 ఏళ్ల పాపకి బెర్త్ వద్దనుకుంటే టికెట్టే అక్కర్లేదు. 5 నుంచి 11 వరకు బెర్త్ లేకుండా సగం ఛార్జీ, బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. రాత్రి ప్రయాణంలో పిల్లాడికి బెర్త్ తీయండి. పొదుపు చేస్తే మీ బెర్త్ వాడిది, మీరు నడవలో.

ఎల్‌బీనగర్_కారు
రైలు రైలు అంటారు గానీ, ఊళ్లో దిగాక? గూడెం నుంచి ఊరికి, ఊరి నుంచి చుట్టాల ఇళ్లకి ఆటో బేరాలతోనే పండగ అయిపోతుంది. కారులో అయితే మన ఇష్టం. రాత్రి బయల్దేరడం మానేయాలి, అంతే. జనం అంతా ఆఫీసు అవగానే సాయంత్రం ఎక్కి అర్ధరాత్రికి పంతంగి టోల్ గేటులో ఇరుక్కుంటారు. మధ్యాహ్నం అందరూ అన్నాలు తినే టైముకి బయల్దేరితే రోడ్డు చాలా నయం.
నిజాంపేట నుంచి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి పెద్దఅంబర్‌పేట దాకా పోవద్దు. ఘట్‌కేసర్‌లో దిగి భువనగిరి, రామన్నపేట మీదుగా చిట్యాలలో 65వ నంబరు హైవే ఎక్కండి. చౌటుప్పల్, పంతంగి రెండూ తప్పుతాయి. చిట్యాల దగ్గర ఫ్లైఓవర్ పని ఉంది, అక్కడ కాస్త ఓపిక పట్టాలి. గుంటూరు, నెల్లూరు వైపు వాళ్లకి అసలు ఈ హైవేతో పనే లేదు. బొంగ్లూరు గేటు దగ్గర దిగి సాగర్, మాచర్ల మీదుగా పోవచ్చు.

మియాపూర్_మాధవి
మధ్యాహ్నం బయల్దేరడానికి మీ బాస్ సెలవిస్తాడా, మా బాస్ ఇవ్వడు.

ఎల్‌బీనగర్_కారు
అయితే తెల్లవారుజామున 4కి. పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకొచ్చి కారులో వేసుకుంటే సూర్యాపేట దాకా లేవరు. నాని వాళ్ల పాప వాంతుల సమస్య కూడా సగం పోతుంది.
ఫాస్టాగ్ కూడా ఇప్పుడే చూసుకోండి. బ్యాలెన్స్ లేని ఒక్క కారు చాలు, వెనక వరసంతా ఆగిపోతుంది. ఏడాది పాసు 2025లో మొదలైనప్పుడు 3000 రూపాయలు, ఏడాది లేదా 200 టోళ్లు, ఏది ముందైతే అది. సొంత కారు ఉండి ఏడాదిలో చాలాసార్లు ఊరెళ్లే వాళ్లకి లాభమే. నేషనల్ హైవేలకే వర్తిస్తుంది, ఓఆర్‌ఆర్ టోల్ వేరే.

ఇద్దరు_కవలలు
వాంతుల గురించి నేను చెప్తాను, మా ఇంట్లో ఒకరు మొదలుపెడితే రెండోవాళ్లు అందుకుంటారు. ఖాళీ కడుపూ వద్దు, పాలు తాగించడమూ వద్దు. బయల్దేరే ముందు రెండు ఇడ్లీ, దారిలో కాసిని మరమరాలు. ఫోన్ అస్సలు ఇవ్వకూడదు, తల దించుకుని బొమ్మలు చూస్తే గ్యారంటీగా అవుతుంది. ముందు అద్దంలోంచి రోడ్డు కనపడేలా కూర్చోబెట్టండి. కారులో వేలాడదీసే సెంటు సీసా తీసి పడేయండి, పిల్లలకి సగం వికారం దాని వల్లే. మందు వేయాలంటే పిల్లల డాక్టర్‌ని అడిగి బరువును బట్టి వేయండి, మెడికల్ షాపువాడు ఇచ్చింది కాదు.
కవర్లు డ్యాష్‌బోర్డులో కాదు, చేతిలో ఉండాలి. డ్యాష్‌బోర్డు తెరిచేలోపు అయిపోతుంది.

పులస_ప్రియుడు
టిఫిన్ చేస్తూ చదివాను. థాంక్స్.

కూకట్‌పల్లి_కోడలు
రూట్లు, టోళ్లు, బెర్తులు అన్నీ బాగున్నాయి. నాని గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. "గొడవ ప్లాన్ దగ్గరే" అన్నారు. ఆ ప్లాన్‌లో మీ ఆవిడకి పండగ ఎక్కడుంది?
మా ఇంటి సంగతి చెప్తాను. ఊళ్లో కాలు పెట్టగానే మా ఆయన చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుంటారు, స్నేహితులు వస్తారు, పేకాట. నేను చీర కొంగు దోపి నేరుగా వంటింట్లోకి. అరిసెల పాకం, బెల్లం, పిండి దంచడం, పొద్దున లేస్తే ఇరవై మందికి టిఫిన్, మధ్యాహ్నం పాతిక మందికి భోజనం. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి తెల్లారగట్లే రుబ్బుడు, ఆ పైన గారెల మూకుడు ముందు రెండు గంటలు. తిరిగొచ్చాక వారం రోజుల బట్టలు. సోమవారం లాగిన్. "సెలవులు బాగా గడిచాయా?" అని మేనేజర్ అడిగితే ఏం చెప్పాలో తెలియదు.
ప్రయాణంలో టెన్షన్ రోడ్డు మీద ఉంటుందని మగవాళ్లు అనుకుంటారు. అది వారం ముందు సూట్‌కేసు దగ్గర మొదలవుతుంది. పిల్లల స్వెట్టర్లు, అత్తగారి బీపీ మాత్రలు, ఆడపడుచుకి చీర, తోటికోడలికి అదే రేటు చీర. ఇవన్నీ ఎవరి బుర్రలో ఉంటాయి?
మేమిప్పుడు ఏం చేస్తున్నామంటే, ఊళ్లో పిండివంటలు చేసే ఆవిడకి ముందే ఆర్డర్ ఇచ్చేస్తాం. అరిసెలు, పోకుండలు, జంతికలు, సున్నుండలు అన్నీ ఆవిడే. డబ్బు మేమూ మా బావగారూ సగం సగం. మొదట్లో అత్తయ్య మూతి ముడుచుకున్నారు, "కొన్నవి దేవుడికి ఎలా పెడతాం" అని. ఇప్పుడు దేవుడికి ఒక వాయి ఇంట్లో వండుతారు, మిగతాది బయటిది. అందరం అరుగు మీదే ఉంటున్నాం.

నిజాంపేట_నాని
మీ పోస్టు మా ఆవిడకి చూపించాను. చదివి ఫోన్ ఇవ్వడం లేదు.

నానమ్మ_మనవడు
కోడలు గారూ, అందరి ఇళ్లూ అలా ఉండవు. మా ఇంట్లో నలుగురు తోటికోడళ్లు కలిసి అరిసెలు వండే రాత్రే అసలు పండగ. అమ్మ ఏడాదంతా దానికోసమే చూస్తుంది. అది కూడా కొనేస్తే ఊరెళ్లడం దేనికి, ఇక్కడే స్వీటు షాపు ఉంది.

కూకట్‌పల్లి_కోడలు
మీ అమ్మగారికి ఇష్టమైతే సంతోషం. ఆ నలుగురినీ విడివిడిగా అడిగి చూడండి, ఒకరి ముందు ఒకరిని కాదు.

మియాపూర్_మాధవి
ఈ ఆఖరి లైను ఫ్రేమ్ కట్టించాలి.

వరంగల్_వాడు
మాకు సంక్రాంతి అంటే పతంగులు, సకినాలు, రెండు రోజుల సెలవు. అసలు గుంపు అంతా దసరాకే. బతుకమ్మ పెద్ద పండుగ, ఆడబిడ్డలు తప్పకుండా పుట్టింటికి రావాలె. మొన్న దసరా గాంధీ జయంతి రోజే పడి ముక్క లేకుండ పోయింది, అది వేరే బాధ.
నాని అన్నా, మీ ఆవిడది ఖమ్మం అంటున్నావు కదా. ఏటా దసరా ఖమ్మంలో, సంక్రాంతి గూడెంలో అని రాసేసుకోండి. పంచాయతీ ఖతం. బతుకమ్మ ఆడుకోవడానికి ఆమెకి పుట్టింట్లో ఎక్కువ రోజులు కూడా దొరుకుతయి, దసరా సెలవులు పొడుగు.

ఖమ్మం_బిడ్డ
ఖమ్మాన్ని అంత సులభంగా దసరా ఖాతాలో వేసేయకండి. మా దగ్గర రెండూ చేస్తారు. బతుకమ్మకి ఎంత సందడో, సంక్రాంతికి ముగ్గులు, గొబ్బెమ్మలు, అల్లుళ్ల మర్యాదలు కూడా అంతే. అల్లుడు పెద్ద పండక్కి రాకపోతే మా నాన్న వారం రోజులు ఎవరితోనూ మాట్లాడడు.

వరంగల్_వాడు
రెండు పండుగలూ మీకే కావాలంటే ఎట్ల అక్కా.

సత్తుపల్లి_సత్తి
మ్యాపు తెరిచి చూడండి, నానికి జవాబు అక్కడే ఉంది. ఖమ్మం దారిలోనే ఉంది కదా! పండగ తర్వాత అత్తగారింటికి అని పెట్టుకుంటే మళ్లీ వెనక్కి రావాలి, రష్‌లో. అదే పండగ ముందు పెట్టుకోండి. 10వ తేదీ రెండో శనివారం, 11 ఆదివారం. శుక్రవారం రాత్రో శనివారం పొద్దున్నో ఖమ్మం వెళ్లిపోండి. అప్పటికి రోడ్డు మీద జనం ఇంకా పల్చగానే ఉంటారు. బస్సులైతే ఖమ్మానికి లెక్కలేనన్ని. కారైతే సూర్యాపేట దగ్గర చీలిపోతే నాలుగు వరసల రోడ్డు, విజయవాడ రద్దీలోకి వెళ్లే పనే లేదు.
సోమ, మంగళవారాలు అక్కడే. అత్తగారికి అల్లుడి మర్యాద చేసుకునే ముచ్చట తీరుతుంది. వాళ్లు భోగి అక్కడే చేయమంటే ఒప్పుకోవద్దు, కావాలంటే వాళ్లనే గూడెం తీసుకెళ్లండి. మంగళవారం మధ్యాహ్నం సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, నల్లజర్ల మీదుగా గూడెం. రోడ్డు హైవే అంత బాగోదు, అక్కడక్కడా గుంతలు, లారీలు. కానీ ఎక్కడా గంటల తరబడి ఆగరు. ఖమ్మం నుంచి దేవరపల్లికి కడుతున్న కొత్త రోడ్డు పూర్తిగా అయితే ఈ బాధ కూడా ఉండదు.

ఎల్‌బీనగర్_కారు
ఇది బాగుంది. ఏడెనిమిది గంటల ప్రయాణాన్ని రెండు ముక్కలు చేస్తే పెద్దావిడ మోకాళ్లకి కూడా నయం.

గౌతమి_సైడ్_లోయర్
కారులో వెళ్తే తిరుగు ప్రయాణం కూడా కారులోనే. 18 ఆదివారం సాయంత్రం గూడెం నుంచి హైదరాబాద్. ఊహించుకోండి.

మియాపూర్_మాధవి
కనుమ సాయంత్రమే బయల్దేరండి, రోడ్డు ఖాళీగా ఉంటుంది.

నానమ్మ_మనవడు
కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు. మా ఇంట్లో కారు తాళాలు దాచేస్తారు.

పులస_ప్రియుడు
అందుకే రోడ్డు ఖాళీ. కాకులన్నీ ముక్కనుమ పొద్దున ఒకేసారి లేస్తాయి.

అల్వాల్_రిటైర్డ్
ఉద్యోగాలున్న వాళ్లు ఒక సెలవు మిగుల్చుకుని 19 సోమవారం రావాలి. పండగ ముందు తీసుకునే సెలవు కంటే పండగ తర్వాత తీసుకునే సెలవుకి విలువెక్కువ, మేనేజర్ కూడా అంత గొణగడు.
ఇంకో దారి ఉంది. ఎవరూ పట్టించుకోరు. పండగ ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి వెళ్లే బళ్లు కిక్కిరిసి ఉంటాయి, హైదరాబాద్ వచ్చే బళ్లలో సీట్లు దొరుకుతాయి. పండగ తర్వాత తారుమారు. అంటే ఊళ్లో ఉన్నవాళ్లని మనమే ఇక్కడికి రప్పించుకుంటే రెండు వైపులా హాయిగా టికెట్లు. పైగా ఆ మూడు రోజులు ఇక్కడ రోడ్లు చూడాలి, నిజాంపేట నుంచి ట్యాంక్‌బండ్‌కి ఎక్కడా బ్రేకు వేయకుండా వెళ్లొచ్చు. మా చెల్లెలూ బావా అలాగే వస్తున్నారు.

నానమ్మ_మనవడు
సార్, పెద్దలకి పెట్టుకునే పండగ అది. కొత్త బట్టలు పెట్టి దండం పెట్టుకోవాలంటే ఆ ఇంట్లోనే కదా. అపార్ట్‌మెంట్‌లో భోగిమంట వేస్తే సెక్యూరిటీ బకెట్‌తో వస్తాడు.

అల్వాల్_రిటైర్డ్
నిజమే, పాడీ పశువులూ ఉన్న ఇళ్లకి కుదరదు. కనుమ నాడు గొడ్లని వదిలి ఎవరొస్తారు. కానీ ఊళ్లో తల్లిదండ్రులు ఇద్దరే ఉండి, పొలం కౌలుకిచ్చిన ఇళ్లు ఎన్ని లేవు? వాళ్లు రావచ్చు.

నిజాంపేట_నాని
మా అన్నయ్యకి గేదెలు ఉన్నాయి సార్, మాకు కుదరదు. పిల్లలు కూడా గంగిరెద్దు కోసమే వస్తారు.

చందానగర్_చిట్టి
కుదరని వాళ్లకి స్పెషల్ రైళ్లు ఉంటాయి కదా, అప్పుడు చూసుకుంటే పోలా?

గౌతమి_సైడ్_లోయర్
ఉంటాయి. కానీ వాటినే నమ్ముకుని పిల్లాపెద్దలతో ఉండకండి. స్పెషల్ ఛార్జీ ఎక్కువ, రెగ్యులర్ బళ్లకి దారి ఇస్తూ పోతాయి కాబట్టి టైము చెప్పలేం. సికింద్రాబాద్ స్టేషన్ పనుల వల్ల చాలా బళ్లు చర్లపల్లికి మార్చారు కూడా. మీ చందానగర్ నుంచి చర్లపల్లి వెళ్లడమే ఒక ప్రయాణం, సామాన్లతో గంటన్నర ముందే బయల్దేరాలి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో రెండుసార్లు చూడండి.
తత్కాల్ అయితే ముందు రోజు, ఏసీకి 10కి, స్లీపర్‌కి 11కి. దానికీ ఆధార్ ఓటీపీ. వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్, ఏసీ బోగీలు ఎక్కనివ్వరు. ఆన్‌లైన్‌లో తీసింది చార్ట్ వేశాక వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. ఎక్కేసి టీసీని బతిమాలుకుందాం అనే కాలం పోయింది.

చందానగర్_చిట్టి
పోయిన పండక్కి ఒక ప్రైవేటు ట్రావెల్స్‌లో మామూలు రేటుకి మూడింతలు పెట్టి కొన్నాను. ఏసీ స్లీపర్ అన్నారు, వచ్చింది పుష్‌బ్యాక్ సీటు. అడిగితే "దిగిపోండి, రిఫండ్ అప్లై చేసుకోండి" అన్నాడు క్లీనర్. రాత్రి 11కి ఫుట్‌పాత్ మీద ఎక్కడ దిగను?

మియాపూర్_మాధవి
తెలంగాణ ఆర్టీసీ స్పెషల్స్‌లో కూడా ఛార్జీ ఎక్కువే తీసుకుంటారు, రెగ్యులర్ సర్వీసులకి మామూలు రేటే. కాబట్టి రెగ్యులర్ సర్వీసులో రిజర్వేషన్ ఓపెన్ అవగానే తీసుకోండి. ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా వెళ్లక్కర్లేదు, కేపీహెచ్‌బీ, ఎల్‌బీ నగర్‌లో ఎక్కొచ్చు.

ఇద్దరు_కవలలు
ఎవరూ చెప్పలేదు కాబట్టి: ఇల్లు. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి, పండగ సెలవుల్లో ఊరెళ్లేవాళ్లు చెప్పమని వాళ్లే అడుగుతారు. పాలు, పేపరు ఆపించండి. బంగారం లాకర్‌లో. గూడెం చేరేదాకా వాట్సాప్ స్టేటస్‌లు పెట్టకండి. పెట్టేవాళ్లలో మొదటివాడు మా ఆయనే, టోల్ గేటు దగ్గర సెల్ఫీతో సహా.

సత్తుపల్లి_సత్తి
పెద్దావిడ మాత్రలు రెండు చోట్ల పెట్టండి, హ్యాండ్‌బ్యాగ్‌లో కొన్ని, సూట్‌కేసులో కొన్ని. చీటీ ఫోటో ఫోన్‌లో. భోగి నాడు ఊళ్లో మందుల షాపు తెరిచి ఉంటుందని నమ్మకం లేదు. ప్రతి గంటన్నరకి ఆపి నాలుగడుగులు నడిపించండి. సూర్యాపేట హోటళ్ల దగ్గర జనం ఉంటే బాత్రూమ్‌కే వరస, అంతకుముందే పెట్రోల్ బంకులో ఆపుకోవడం మేలు. పులిహోర కట్టుకెళ్తే ఇంకా మంచిది, అది కూడా నాని కలిపితే కూకట్‌పల్లి కోడలు గారు శాంతిస్తారు.

కూకట్‌పల్లి_కోడలు
పోపులో పల్లీలు మాడకపోతే శాంతిస్తాను.

నిజాంపేట_నాని
రాత్రి కూర్చుని తేల్చాం. శనివారం తెల్లవారుజామున కారులో ఖమ్మం, మంగళవారం సత్తి గారి రూటులో గూడెం. మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. పిండివంటలు ఆర్డర్ ఇవ్వాలి, వదినతో నేనే మాట్లాడాలి. రెండోది, సూట్‌కేసుల్లో పిల్లలవి నేను సర్దాలి. ఒప్పుకున్నాను. వదినకి ఫోన్ చేస్తే "నేనూ అదే అనుకుంటున్నా మరిదీ, మీ అన్నయ్యకి ఎవరు చెప్పాలి అని ఆగాను" అంది.
వచ్చేటప్పుడు అమ్మా, మా ఆవిడా, చిన్నదీ 18న గౌతమిలో, నేనూ పెద్దవాడూ 19న కారులో. అమ్మకి విడి టికెట్. ఆధార్ వెరిఫై అయింది. 19న అలారం పెట్టాను.

అల్వాల్_రిటైర్డ్
నవంబర్ 19న పెట్టారా, జనవరి 19న పెట్టారా?

నిజాంపేట_నాని
ఆగండి, చూసొస్తాను.

మోడరేటర్
ఏ ఊళ్లో బరి ఎక్కడ, పందెం ఎంత అని అడిగిన పోస్టులు నాలుగు తీసేశాను. పులస_ప్రియుడు, అందులో మూడు మీవే.

చందానగర్_చిట్టి
చర్లపల్లి స్టేషన్ దగ్గర నాలుగు రోజులు బైకు పెట్టి వెళ్లొచ్చా? ఎవరైనా పెట్టారా?